స్కాన్‌ బాగుంది... మరి ఈ నొప్పేంటి?

తలకు దెబ్బ తగిలింది. రక్తం రాలేదు. స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. అయినా వారాల తరబడి మెడనొప్పి, తలంతా బరువు. ఇది నటన కాదు. అలాగని బెంబేలెత్తాల్సిన పనీ లేదు. తెలిసి మసలుకుంటే చాలామందికి తగ్గిపోయేదే!

రాంగోపాల్‌పేట్‌లో ఓ ఇంటిని ఊహించుకోండి. ఇంటాయనకు రాణీగంజ్‌లో చిన్న దుకాణం. రాత్రి షట్టర్‌ దించేసి స్కూటర్‌ మీద నల్లగుట్టకు వస్తుంటే స్పీడ్‌బ్రేకర్‌ దగ్గర బండి జారింది. హెల్మెట్‌ ఉంది కాబట్టి తల పగల్లేదు. నలుగురూ లేపి కూర్చోబెట్టి సోడా తాగించారు. ఆస్పత్రిలో సీటీ స్కాన్‌ తీసి 'అంతా నార్మల్‌' అన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

మూడు వారాలు గడిచాయి. పొద్దున లేచేసరికి ఆయన మెడ బిగుసుకుపోయి ఉంటోంది. పదకొండయ్యేసరికి తల చుట్టూ ఎవరో తాడు బిగిస్తున్నట్టు ఉంటోంది. హారన్‌ మోత భరించలేకపోతున్నారు. బిల్లు కూడితే తప్పులొస్తున్నాయి. మొదటివారం 'అయ్యోపాపం' అన్నవాళ్లే ఇప్పుడు 'స్కాన్‌లో ఏం లేదన్నారుగా' అంటున్నారు. దెబ్బకన్నా ఆ మాటే ఆయన్ను ఎక్కువ బాధిస్తోంది.

స్కాన్‌కు చిక్కనిది

మన మెదడు సుమారు 1,300 గ్రాముల మెత్తని ముద్ద. పుర్రె లోపల ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. గట్టి కుదుపు వస్తే నాడీకణాల పనితీరు కొంతకాలం గాడి తప్పుతుంది. దాన్నే కంకషన్‌ అంటారు. రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి సీటీ స్కాన్‌లో తెలుస్తాయి. పనితీరులో వచ్చిన తేడా తెలియదు. స్పృహ తప్పితేనే కంకషన్‌ అనుకోవడమూ పొరపాటే.

లక్షణాలు అప్పటికప్పుడే కనిపించాలనీ లేదు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా టీ20లో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు బంతి తగిలింది. ఆయన ఇన్నింగ్స్‌ చివరిదాకా ఆడేశాడు. డ్రెస్సింగ్‌ రూమ్‌కు వచ్చాక తల తిరుగుతున్నట్టుందన్నాడు. ఆయన బదులు చాహల్‌ బరిలోకి దిగి మూడు వికెట్లు తీయడం క్రికెట్‌ అభిమానులకు గుర్తుండే ఉంటుంది.

పెద్దవాళ్లలో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లలకు నెల రోజుల్లోపు నెమ్మదిస్తుంది. కొందరికే అది దాటి సాగుతుంది. అలాంటివాళ్లలో తరచుగా కనిపించే తోడుదొంగ... మెడ!

నొప్పి నుదుట... మూలం మెడలో

తల బరువు నాలుగైదు కిలోలు. దాన్ని మోసేది సన్నటి మెడ. తలను కుదిపిన దెబ్బ మెడ కండరాల్నీ కీళ్లనీ కుదపక మానదు. పైగా మెడ పైభాగం నుంచి వచ్చే మూడు నరాలూ, నుదురు, ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్‌ నాడీ లోపల కలిసేది ఒక్కచోటే. రెండిళ్లకు ఒకటే కాలింగ్‌బెల్‌ ఉన్నట్టన్నమాట. మోగించింది ఎవరో తెలియక, మెడలో పుట్టిన నొప్పిని మెదడు నుదుట్లోనో కంటి వెనకో పుట్టినట్టు లెక్కేసుకుంటుంది.

కెనడాలోని కాల్గరీలో క్యాథరిన్‌ ష్నైడర్‌ బృందం 2014లో దీనిమీద ఓ అధ్యయనం ప్రచురించింది. మెడకు ఫిజియోథెరపీ, తల తిరుగుడుకు వ్యాయామాలు కలిపి చేయించిన 15 మందిలో 11 మంది ఎనిమిది వారాల్లో కోలుకుని ఆటలకు అనుమతి పొందారు. అవి లేని 14 మందిలో ఒక్కరే పొందారు. చిన్న అధ్యయనమే, కానీ మెడను పట్టించుకోవాలని గట్టిగా చెప్పింది. అయితే తలనొప్పి అంతా మెడదే కాదు. మైగ్రేన్‌, నిద్రలేమి, చూపు ఇబ్బందులూ కారణం కావచ్చు. ఏదన్నది తేల్చాల్సింది డాక్టరే.

చీకటి గది వద్దు

తలకు దెబ్బ తగిలితే చీకటి గదిలో పడుకోబెట్టడం పాత పద్ధతి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలన్నారు. అదీ మంచానికి అతుక్కుపోయి కాదు. తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టాలి. 103 మంది టీనేజర్ల మీద జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లు సగటున 13 రోజుల్లో కోలుకుంటే, కండరాలు సాగదీసే కసరత్తులతో సరిపెట్టినవాళ్లకు 17 రోజులు పట్టింది.

మన దుకాణదారు ఏం చేయొచ్చు? సాయంత్రం సంజీవయ్య పార్కులో పది నిమిషాలు నడవొచ్చు. పదిలో మూడున్న నొప్పి ఐదై, గంటలోపే దిగిపోతే ఫర్వాలేదు. అంతకు మించితే మర్నాడు నడక తగ్గించాలి. దుకాణంలో మొదట ఒకపూటే కూర్చోవాలి. లెక్కలు కొంచెం కొంచెంగా చూసుకోవాలి. ఫోను కళ్ల ఎత్తుకు తెచ్చుకోవాలి. మెడ వంగకుండా ఉండే దిండు వాడాలి. వేడినీళ్ల సంచిని తువ్వాల్లో చుట్టి కాసేపు కాపడం పెట్టుకోవచ్చు. మెడ వ్యాయామాలు మాత్రం ఫిజియోథెరపిస్టు చూశాకే.

నొప్పి బిళ్లలు మితంగా వేసుకోవాలి. మామూలు బిళ్లలే అయినా నెలలో 15 రోజులకు పైగా, నెలల తరబడి వాడితే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది. తల తిరుగుడు పోయేదాకా బండి తీయకూడదు. మానకముందే రెండో దెబ్బ తగిలితే మరింత చేటు.

ఇంకోమాట. సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ పట్టుకుని 'టక్‌'మనిపించే అలవాటు చాలామందికి ఉంది. దెబ్బ తిన్న మెడకు అది అస్సలు వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొన్ని మెడ ఎముకల గుండానే వెళ్తాయి. ఒక్కసారిగా తిప్పితే అవి చీలే ప్రమాదం ఉంది.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

పదేపదే వాంతులు, ఫిట్స్‌, మగత, మాట తడబాటు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, కాలూచేయీ తిమ్మిరెక్కడం లేదా పట్టు తప్పడం, ముక్కు చెవుల నుంచి నీరు కారడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. వృద్ధుల్లో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడొచ్చు. మొదటి స్కాన్‌ బాగుందని ఊరుకోకూడదు.

ఇక ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఓ నోటు పుస్తకంలో ఆయన నిద్ర, నడక, నొప్పి రోజూ రాసిపెట్టాలి. డాక్టరుకు అది స్కాన్‌ చెప్పని సంగతులు చెబుతుంది. ఆ రాత కోసమైనా 'స్కాన్‌లో ఏం లేదన్నారుగా' అనడం మానేసి, 'ఇవాళ నొప్పి పదిలో ఎంతుంది?' అని అడుగుతారు. సగం భారం అక్కడే దిగుతుంది!