133 ఏళ్ల అజ్ఞాతవాసం వీడిన గాలికొండ బల్లి

శృంగవరపుకోట: గోడమీద బల్లి పలికితే ‘సత్యం’ అనుకుంటూ వేలితో తట్టడం, ఒంటిమీద పడితే పంచాంగం తెరిచి బల్లిపాటు ఫలితం చూసుకోవడం మన ఇళ్లలో మామూలే. అయితే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డెక్కితే వచ్చే గాలికొండపై ఒక బల్లి 133 ఏళ్లపాటు శాస్త్రజ్ఞుల కంట పడకుండా బతికిందన్న సంగతి జిల్లా వాసులలో చాలామందికి తెలియదు. అరకు వెళ్లే యాత్రికులు ఆగి ఫొటోలు తీసుకునే ఆ కొండపైనే ఆకుల చాటున, రాళ్ల కింద అది కాలం వెళ్లదీసింది.

దాని పేరు జయపురం నేలబల్లి. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ అధిపతి కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోం జయపురం సంస్థానంలోని పటింగే కొండపై, సుమారు 4,200 అడుగుల ఎత్తున దొరికిన ఒకే ఒక్క బల్లి ఆధారంగా ఈ జాతిని లోకానికి తెలిపారు. ఆనాడు జయపురం, విజయనగరం సంస్థానాలు రెండూ విశాఖపట్నం జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం అటు వెళ్లింది. బెడ్డోం పట్టిన బల్లి లండన్ మ్యూజియం చేరింది. ఆ తరువాత దానిని చూసినవారు లేరు. జాతి అంతరించిందనే చాలామంది అనుకున్నారు.

2010లో కథ మలుపు తిరిగింది. ఇషాన్ అగర్వాల్, అనిరుద్ధ దత్తా రాయ్, వరద్ గిరి, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆరన్ బాయర్‌ల పరిశోధనలో ఈ బల్లి తిరిగి వెలుగు చూసింది. ఒరిస్సాలో కోరాపుట్ జిల్లా దేవమాలి కొండపైన, ఆంధ్రలో మన గాలికొండపైన అది సజీవంగా కనిపించింది. వివరాలు 2012లో ప్రచురితమయ్యాయి.

ఎందుకు కనబడలేదు?

ఇంటి బల్లికీ దీనికీ పోలిక తక్కువ. ఇంటి బల్లి వేళ్ల కింద గోడకు అంటుకునే పట్టీలుంటాయి. నేలబల్లికి అవి లేవు. అది గోడ ఎక్కదు, నేలమీదనే తిరుగుతుంది. గోధుమరంగు ఒంటిపై ముదురు రంగు పెద్ద మచ్చలు. ఎండుటాకుల్లో నక్కి కూర్చుంటే పక్కన నిలబడినా పోల్చుకోలేం. పగలంతా రాళ్ల సందుల్లో ఉండి చీకటి పడ్డాకనే బయటకు వస్తుంది.

పైగా అది ఉండేది సుమారు వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తులో, చల్లగా తేమగా ఉండే అడవిలో. కింద ఎస్.కోట, గజపతినగరం మైదానాల ఎండ దానికి సరిపడదు. అంటే అలాంటి ఒక్కొక్క కొండ నెత్తీ దానికి సముద్రం మధ్య దీవి వంటిది. ఒక దీవి నుంచి మరొక దీవికి దారి లేదు. దాని దగ్గరి చుట్టాలు దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను ఉన్నాయి.

కాళ్లులేని బల్లులు

తప్పిపోయి దొరికిన జీవి ఇదొక్కటే కాదు. 1870లో అదే బెడ్డోం నాటి విశాఖపట్నం జిల్లా కొండల నుంచి చుక్కల నలికిరి ఒకదానిని వర్ణించారు. పాములా సాగిన ఒళ్లు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సెప్సోఫిస్. అందులో ‘ఓఫిస్’ అంటే గ్రీకు భాషలో పామే. అదీ నూరేళ్లకు పైగా జాడ లేకుండా పోయి, మళ్లీ ఆంధ్ర, ఒరిస్సాల తూర్పు కనుమల్లోనే దొరికింది. ఆ వివరాలు 2013లో వెలువడ్డాయి.

ఇక బార్కుడియా అనే నలికిరికైతే కాళ్లే లేవు. వదులు మట్టిలో, చెట్ల వేళ్ల దగ్గర దూరి బతుకుతుంది. దీనిలో ఒక రకం విశాఖపట్నం పరిసరాలది. మరొక రకాన్ని 1917లో అన్నండేల్ అనే శాస్త్రజ్ఞుడు చిలకా సరస్సులోని బార్కుడా దీవిలో కనుగొన్నారు. పేరు అలా వచ్చింది. సెప్సోఫిస్, బార్కుడియాలు ప్రపంచంలో మన తూర్పు తీరాన, ఈ కనుమల్లోనే ఉన్నాయి. మరెక్కడా లేవు.

వీటికి వచ్చిన చిక్కల్లా పాము పోలికే. తోట తవ్వుతుండగా నిగనిగలాడుతూ బయటపడితే ‘పాము’ అన్న కేక వినిపిస్తుంది. కర్ర లేస్తుంది. ఆ దెబ్బకు పోయేది విషపు చుక్క అయినా లేని బల్లి. మన దేశంలో మనిషి ప్రాణం తీసే విషమున్న బల్లి ఒక్కటీ లేదు. పాముకు కనురెప్పలు, చెవి రంధ్రాలు ఉండవు. బల్లి జాతులలో సాధారణంగా ఉంటాయి. అయితే ఆ తేడా చూడడానికి దగ్గరకు వెళ్లనవసరం లేదు. పామైనా బల్లైనా దూరంగా జరిగితే తన దారిన అది పోతుంది.

పేరు మనది, పుస్తకం వారిది

అసలు ఈ వెతుకులాటకు నాంది పలికింది విశాఖపట్నమే. 1780 దశకంలో అక్కడ ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఏ పాము విషపుది, ఏది కాదు అని తెలుసుకోవడానికి పాములను సేకరించారు. గ్రామస్థులు చెప్పిన తెలుగు పేర్లను విన్నవి విన్నట్టు రాసుకున్నారు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ‘కాటుక రేకుల పొడ’, ‘బంగారు పాము’ వంటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. ఆ కాటుక రేకుల పొడే నేడు రస్సెల్ పేరుతో ప్రపంచమంతా పిలిచే రక్తపింజర. కట్లపాముల శాస్త్రీయ నామం ‘బంగారస్’ మన ‘బంగారు’ నుంచి వచ్చినదే.

వానాకాలంలో పెరట్లో, పూలకుండీల కింద వానపాములా కదిలే చిన్న పామును కూడా ఆయన ‘రెండు తలల పాము’ అన్న పేరుతోనే బొమ్మ వేయించారు. ఈ జాతిలో మగవి లేవు. అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. మొక్కల కుండీల మట్టితో ఓడలెక్కి ఖండాలు దాటాయి. ఎవరు చెప్పారో పేరు తెలియని ఆ పల్లెవాసుల మాటే శాస్త్రానికి తొలి ఆధారమైంది.

రాయి ఎత్తితే తిరిగి పెట్టాలి

ఇటువంటి జీవులను వెతకడం వేటవంటిది కాదు. ముందు పాత పుస్తకాలలోని ఊళ్ల పేర్లను, కొండల పేర్లను నేటి పటాలతో పోల్చుకోవాలి. వానలు పడ్డాక, చీకటిలో టార్చిలైటు పట్టుకుని అడుగు అడుగు నడవాలి. రాయి ఎత్తి చూడాలి, కుళ్లిన దుంగ తిప్పి చూడాలి. చూశాక రాయిని మునుపటి చోటనే, మునుపటి తీరునే పెట్టాలి. దాని కింద తేమే ఆ జీవికి ఇల్లు. తిప్పి వదిలేసిన రాయి ఇల్లు కూల్చినదానితో సమానం. దొరికాక పొలుసులు లెక్కించి, కొలతలు తీసి, మ్యూజియంలోని పాత నమూనాతో సరిచూస్తే గాని అదే జాతి అని తేలదు. అటవీశాఖ అనుమతి లేకుండా పట్టడం నేరమన్నది కూడా గమనించాలి.

ముప్పు ఎటునుంచి?

జయపురం నేలబల్లిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. దొరికిన చోట్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. గాలికొండ పేరు బాక్సైట్ నిల్వల జాబితాలోనూ ఉన్నదే. తవ్వకాల ప్రతిపాదనలపై మన్యం గిరిజనులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. తవ్వకాల మాట ఎలా ఉన్నా, అడవి పలచబడినా, ఎండుటాకులకు నిప్పు పెట్టినా, తేమ ఆరినా ఆ దీవి మునిగినట్టే.

ఇదే ప్రాంతంలో తాబేలును దేవుడిగా కొలిచే శ్రీకూర్మం ఉంది. ఆలయంలో నక్షత్ర తాబేళ్లను భక్తులు కళ్లకద్దుకుంటారు. సోంపేట నుంచి కళింగపట్నం దాకా తీరంలో సముద్ర తాబేళ్ల గుడ్లను కాపాడి పిల్లలను కడలిలో వదిలే పని అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు చేస్తున్నాయి. తాబేలుకు దక్కిన ఆ ఆదరణలో పదోవంతు బల్లికి, నలికిరికి దక్కలేదు.

శాస్త్రజ్ఞులు ఒక బల్లిని వెతకడానికి 133 ఏళ్లు పట్టింది. కర్రదెబ్బకు క్షణం చాలు. పొలంలో, తోటలో వింత జీవి కనిపిస్తే కొట్టకుండా, ఫొటో తీసి దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి గాని, కళాశాల జంతుశాస్త్ర ఉపాధ్యాయులకు గాని తెలియజేయడం రైతులు, విద్యార్థులు చేయగల పని. అలాగే గాలికొండపై యాత్రికులు ఆగే చోట ఈ బల్లి బొమ్మతో ఒక్క బోర్డు పెట్టించడం అధికారులకు పెద్ద ఖర్చు కాదు. రస్సెల్ కాలంలో పల్లెవాసులు చెప్పిన పేరు ప్రపంచానికి అందింది. ఈ కాలపు పల్లెవాసులు చెప్పబోయే కబురు ఏ రాయి కింద ఉందో ఎవరికి తెలుసు?