నల్లమల దారిలో యుగంధర్ ఎందుకు లేడు?

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు దాటి, దిగువమెట్ట దగ్గర నల్లమలలో దూరుతుంది. బొగద సొరంగం వచ్చేసరికి పెట్టెలో చీకటి పడుతుంది. చేతిలో ఒక అపరాధ పరిశోధన నవల ఉండి, అందులోని హత్య ఈ కొండల్లోనే జరిగుంటే ఎంత బాగుంటుందో! ఊరు చూడబోయే ముందు ఆ ఊరి నేరకథ చదవాలనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. నేర పరిశోధకుడు పెద్దింటి హాలుకీ వెళ్తాడు, కల్లు దుకాణానికీ వెళ్తాడు. అతని వెంట నడిస్తే ఊరి లోపలి గదులన్నీ చూసినట్టే.

అయితే మార్కాపురం పేరెత్తగానే పదిమందీ ఒకే మాటగా చెప్పే డిటెక్టివ్ నవల లేదు. కారణం మన డిటెక్టివ్ సాహిత్యం పెరిగిన తీరులోనే ఉంది. తొలినాళ్లలో పాంచకడీ దేవ్ బెంగాలీ నవలలు అనువాదాలుగా వచ్చాయి. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మద్రాసులో కాపురం పెట్టారు. అప్పట్లో తెలుగు పత్రికలు, ప్రచురణ సంస్థలు, సినిమా అన్నీ అక్కడే ఉండేవి మరి. మధుబాబు గూఢచారి షాడో దేశదేశాలు తిరిగాడు. అద్దె పుస్తకాల షాపులో ఆ నవలల కోసం వరస కట్టిన గిద్దలూరు కుర్రాడు తన ఊరిని మాత్రం వాటిలో చూసుకోలేకపోయాడు. ఆ పుస్తకాలు ఊళ్లో జీవితాన్ని మరిపించడానికి వచ్చినవి.

కాబట్టి వెతికే చోటు మార్చాలి. స్థలాన్ని అంటిపెట్టుకున్న మన గొప్ప నేర సాహిత్యానికి డిటెక్టివ్ అట్ట ఉండదు. విశాఖ వెళ్లేవారికి నేను రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఇస్తాను. ఆయన అక్కడే వకీలుగా పనిచేశారు. దొంగసారా, పోలీసు, కోర్టు మధ్య నలిగే మనిషి ఆయనకు కేసు కాగితాల్లో కనబడ్డవాడు. చిత్తూరు వైపు వెళ్తే డాక్టర్ కేశవరెడ్డి ‘మునెమ్మ’ చదవాలి. భర్త చావు వెనక నిజం వెతుక్కుంటూ ఎద్దును వెంటబెట్టుకుని బయల్దేరిన ఆడమనిషి కథ అది. తెలుగులో అంతకు మించిన పరిశోధకురాలు నాకు కనబడలేదు. అయినా దాన్ని ఎవరూ నేరకథల అరలో పెట్టరు.

మార్కాపురం ప్రాంతం విషయంలో ఇంకో చిక్కుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. అందువల్ల పాత కథల కోసం కర్నూలు రచయితల జాబితా కూడా తిరగేయాలి. కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయం ఇలాంటి వెతుకులాటకు పెద్ద ఆసరా. ఊరి పేరుతో వెతికితే దొరక్కపోతే నల్లమల, గుండ్లకమ్మ, కంభం చెరువు, పలకల గనులు, చెంచులు అని వెతకండి. రచయితలు ఊరి పేరు మారుస్తారు కానీ ఏటి పేరు మార్చడం తక్కువ. ఇటలీలో ఆండ్రియా కామిల్లెరి తన నవలలకు ‘విగాతా’ అనే ఊరిని కల్పించాడు. దానికి మూలమైన ఆయన సొంతూరు పోర్తో ఎంపెడోక్లె, 2003లో ఆ కల్పిత నామాన్ని కొన్నేళ్లపాటు తన పేరు చివర తగిలించుకుంది.

ఇక్కడి నేరకథ ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. పలకలు తీసి వదిలేసిన గుంతలో వాననీళ్లు నిలిచి ఉంటాయి. పాడుబడ్డ గుడిలో గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వుతారు. అడవిలో ఎర్రచందనం దుంగలు చేతులు మారతాయి. ఆ రాత్రి ఊళ్లో ఎవరెవరు ఉన్నారని అడిగితే సగం ఇళ్లకు తాళాలుంటాయి, బేల్దారి పనికని హైదరాబాదో బెంగళూరో వెళ్లుంటారు. ఇలాంటివి కథకు వెనక తెరగా ఉంటే చాలదు, చిక్కుముడి వాటితోనే పడాలి, వాటితోనే విడిపోవాలి. అమెరికాలో టోనీ హిల్లర్‌మన్ నవలలు అలాంటివే. నవాహో పోలీసు అధికారి లీప్‌హార్న్ ఎడారి నేలను, తన జాతి ఆచారాలను ఎరిగినవాడు కనుకనే నేరం ముడి విప్పుతాడు. హిల్లర్‌మన్ ఆ జాతివాడు కాదు. అయినా నవాహోలు 1987లో ఆయనను తమ ఆప్తమిత్రుడిగా సత్కరించారు.

ఆ సత్కారం మాట ఎందుకెత్తానంటే, మన దగ్గర నేరకథ ఒక ఊరి మీద వేసిన ముద్ర ఇంకా చెరగలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. పుట్టుకతోనే మనిషిని దొంగ అన్న ఆ చట్టం 1952లో పోయింది. అయినా 1991లో ఆ ఊరి పేరుతో, 2023లో అక్కడి దొంగ కథతో సినిమాలు వచ్చాయి. అక్కడ చదువుకున్న పిల్లలు ఉద్యోగానికి వెళ్తే ఊరి పేరు చెప్పడానికి ఎందుకు జంకాలి?

అందుకే నల్లమల మీద రేపు ఎవరు నేరనవల రాసినా, అందులో చెంచు మనిషి వచ్చే పేజీ దగ్గర నేను ఆగుతాను. అతను అడవిలో దారి చూపించి తప్పుకుంటాడా, అనుమానితుల వరసలో మొదట నిలబెట్టేది అతన్నేనా, అతనికి సొంత పేరు ఉందా అని చూస్తాను.