శిరా తోటల సైప్రస్

1687లో మొఘలులు శిరా కేంద్రంగా సుబా ఏర్పాటు చేసినప్పుడు దాని కిందికి వచ్చిన ఏడు పరగణాల్లో పెనుకొండ ఒకటి. మడకశిర దాటి పడమటికి వెళితే వచ్చే ఆ శిరాలోనే ఖాన్ బాగ్ అనే తోట ఉండేది. 1760లో బెంగళూరులో లాల్‌బాగ్‌కు పునాది వేసిన హైదర్ అలీ ఈ తోటనే నమూనాగా తీసుకున్నాడని చెబుతారు. 1800లో సర్వే కోసం ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఆంగ్లేయ కంపెనీ వైద్యుడు బెంగళూరు వచ్చినప్పుడు హైదర్, టిప్పుల తోటలు చూసి రాసి పెట్టాడు. చదరపు మళ్లు, వాటి మధ్య బాటలు, బాటలకు ఇరుపక్కలా సైప్రస్ చెట్లు. ఒక మడిలో అన్నీ గులాబీలే, ఇంకొకదాంట్లో అన్నీ దానిమ్మలే. ఈ సీమలో సైప్రస్ ఏపుగా పెరుగుతోందని కూడా ఆయన గమనించాడు.

ఆ చెట్టునే ఎందుకు ఎంచుకున్నారు? గీత గీసినట్టు నిటారుగా పెరిగి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్టు లేకపోతే మొఘల్ తోటకు లెక్క కుదరదు. పారసీక సంప్రదాయంలో సైప్రస్ శాశ్వతత్వానికి గుర్తు, పక్కన పూసే పండ్లచెట్టు జీవితానికి గుర్తు. ఇరాన్‌లోని అబర్‌కూహ్‌లో ఉన్న సైప్రస్ వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటేనని అంచనా. జరతుష్ట్రుడు నాటాడని జనం నమ్మిన కాశ్మర్ సైప్రస్‌ను మాత్రం 861లో ఖలీఫా ముతవక్కిల్ నరికించాడు. ఆ కథ చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ధర్మవరం పట్టుచీర అంచున కనబడే మామిడిపిందె కూడా గాలికి తల వంచిన సైప్రస్ రూపమేనని కొందరు కళాచరిత్రకారులు అంటారు.

చెట్టును దగ్గరగా చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. ఆకులు సూదుల్లా ఉండవు. చేపపొలుసుల్లా కొమ్మను అంటిపెట్టుకుని, ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. అందువల్ల తేమ తక్కువగా ఆవిరవుతుంది. కాయ రేగిపండు కన్నా కాస్త పెద్దది. ముదరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. గట్టి పెంకుల మధ్య విత్తనాలు ఏళ్ల తరబడి దాగి ఉంటాయి, మంట వేడి తగిలితే పెంకులు విచ్చుకుంటాయి. 2012లో స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో కార్చిచ్చు రేగి చుట్టుపక్కల పైన్, ఓక్ చెట్లు కాలిపోతే, ప్రయోగం కోసం పెంచిన సైప్రస్ తోపు చాలావరకు నిలబడింది. వేసవిలోనూ ఆకుల్లో నీరు నిలవడం ఒక కారణం. ఎండాకాలం ఎండుబోద అంటుకునే మన కొండల చుట్టూ ఈ గుణం ఆలోచించదగ్గదే. కానీ ఈ ఒక్క ఉదాహరణ చూపి, సైప్రస్ మంటలను ఆపుతుందని చెప్పడం తప్పు.

మరి పెనుకొండ, హిందూపురం పెరట్లలో వేయవచ్చా? నీరు నిలవని ఎర్రగరప నేలలో వేయవచ్చు. మొదటి రెండేళ్లు నీళ్లు పోయాలి. వేరు కుదిరాక వానకు వదిలేసినా తట్టుకుంటుంది. నల్లరేగడిలో మాత్రం వేరు కుళ్లుతుంది. దడిగా వేస్తే 3, 4 అడుగుల ఎడం చాలు. కత్తిరింపు పచ్చని కొసల వరకే. ఆకు లేని ముదురు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు, దడిలో ఆ ఖాళీ అలాగే మిగిలిపోతుంది. సీరిడియం అనే శిలీంధ్రం గాయాల గుండానే లోపలికి పోతుంది కాబట్టి వానల్లో కత్తెర పట్టవద్దు.

నర్సరీలో 'సైప్రస్' అని చెప్పి థూజా ఇస్తుంటారు. థూజా రెమ్మ అరచేయిలా చదునుగా, నిలువుగా ఉంటుంది. సైప్రస్ రెమ్మలు అన్ని వైపులా గుబురుగా విచ్చుకుంటాయి. మొక్క కొనేముందు ఒక రెమ్మ పట్టుకుని చూడండి. నీడ కోసమైతే సైప్రస్ వద్దు, కానుగో వేపో నాటుకోండి. గట్టు వెంట, దారి వెంట నిలువుగా నిలబడే పచ్చదనం కావాలంటే సైప్రస్‌ను మించింది లేదు.