పిందెలు, మొగ్గలు, చిత్తుప్రతులు

పిల్లలూ! మామిడిచెట్టు పూత పూస్తుంది. నిలిచిన పూత పిందె కడుతుంది. పిందె పెరిగి కాయ అవుతుంది. కాయ దోరగా మారి, చివరకు పండు అవుతుంది. చెట్టుకు వేలాడేది ఒక్కటే అయినా, దశను బట్టి తెలుగులో దాని పేరు మారుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. పిందెకైనా, పండుకైనా మ్యాంగో అన్నదే పేరు. దాని ముందు మరొక మాట చేర్చి దశను తెలుపుతారు. పచ్చికాయ అయితే గ్రీన్ మ్యాంగో లేదా అన్‌రైప్ మ్యాంగో. పండితే రైప్ మ్యాంగో.

ఇక్కడ గ్రీన్ అంటే రంగు మాత్రమే కాదు. ఇంకా పండలేదని అర్థం. మన పచ్చి అన్న మాట కూడా పచ్చ అన్న రంగుకు దగ్గరిదే కదా!

ఇలా ఇంకా పూర్తి కాని వాటిని గురించి చెప్పే మాటలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. అన్నింటికీ అర్థం ఒక్కటే అనిపిస్తుంది. కాని ఒకదాని చోట మరొకటి వాడితే చెప్పదలచినది మారిపోతుంది. సరైన మాటను ఎన్నుకోవడానికి మీరు ఒక చిన్న ప్రశ్న వేసుకోండి: ఇది పూర్తి కావడానికి కావలసినది కాలమా, మనిషి చెయ్యా?

కాలం కావలసినవి

మొగ్గను ఇంగ్లీషులో బడ్ అంటారు. మొగ్గను మనం విప్పనక్కరలేదు. సమయం వస్తే అదే విచ్చుకుంటుంది. అందుకే ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న కవిని బడ్డింగ్ పోయెట్ అంటారు. తెలుగులో వర్ధమాన కవి అంటాము. నాసెంట్ అన్న మాట లాటిన్ భాషలో పుట్టుక అనే అర్థం గల మాట నుండి వచ్చింది. అప్పుడే పుట్టిన సంఘానికీ, పరిశ్రమకూ ఆ మాట వాడతారు.

ఎదుగుతున్నదాన్ని డెవలపింగ్ అంటారు. ఎదిగేది మంచిదే కానక్కరలేదు. మన మారిషస్ చుట్టూ ఉన్న సముద్రంలో తుపాను ఎలా పుడుతుందో చూడండి. మొదట అది ట్రాపికల్ డిస్టర్బెన్స్, అంటే వాతావరణంలో ఒక అలజడి మాత్రమే. తరువాత ట్రాపికల్ డిప్రెషన్, అంటే వాయుగుండం. గాలివేగం గంటకు 63 కిలోమీటర్లకు చేరితే మోడరేట్ ట్రాపికల్ స్టార్మ్ అంటారు. సాధారణంగా అప్పుడే దానికి పేరు పెడతారు. వేగం 118 కిలోమీటర్లకు చేరితే అది ట్రాపికల్ సైక్లోన్. కనుక డెవలపింగ్ అన్న మాట రేడియోలో వినిపిస్తే, ఇంకా తుపాను కాలేదు కదా అని ఊరుకోకూడదు. కిటికీలు బిగించుకోవడానికి ఇంకా వ్యవధి ఉందని ఆ మాట మనకు చెబుతుంది.

చెయ్యి కావలసినవి

సగం కట్టిన గోడ ఎన్నేళ్ళు గడిచినా తనంతట తాను లేవదు. తాపీమేస్త్రి రావాలి. అటువంటి పనిని అన్‌ఫినిష్డ్ అంటారు. ఇన్‌కంప్లీట్ అన్న మాట దీనికి దగ్గరిదే కాని, అందులో ఒక భాగం లోపించిందన్న అర్థం ఎక్కువ. రంగు వేయని ఇల్లు అన్‌ఫినిష్డ్. ఒక బంటు పోయిన చదరంగం ఇన్‌కంప్లీట్. మీరు వ్యాసం రాసేటప్పుడు మొదట రాసుకునే చిత్తుప్రతిని డ్రాఫ్ట్ అంటారు. దిద్దడానికే రాసినది కనుక, డ్రాఫ్ట్‌లో తప్పులుంటే సిగ్గుపడనక్కరలేదు.

ఇంగ్లీషు మాటలన్నింటినీ చేర్చదలచిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చాలాకాలం అసంపూర్తిగానే ఉంది. ఆ ఆలోచన 1857లో మొదలైంది. మొదటి భాగం 1884లో అచ్చయింది. ప్రధాన సంపాదకుడు జేమ్స్ మరే పని ముగియకుండానే 1915లో కన్నుమూశారు. ఇతరులు పూనుకొని 1928లో పూర్తి చేశారు. మన తెలుగు మహాభారతం కథ కూడా ఇటువంటిదే. 11వ శతాబ్దిలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపారు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి చివరిదాకా రాశారు. మధ్యలో మిగిలినదాన్ని 14వ శతాబ్దిలో ఎర్రన పూరించారు. చేతులు మారినా పని ఆగలేదు.

మెచ్చుకోలా? నిందా?

కొన్ని మాటలు దశను తెలపడంతో ఆగవు. మన అభిప్రాయాన్ని కూడా బయటపెడతాయి. రా షుగర్ అంటే పూర్తిగా శుద్ధి చేయని చక్కెర. ఇందులో నింద లేదు. కాని హాఫ్-బేక్డ్ ఐడియా అంటే ఉడికీ ఉడకని ఆలోచన. అది నిందే. ఇమ్మెచ్యూర్ అన్న మాటను కాయకు వాడితే ముదరలేదని అర్థం. మనిషికి వాడితే వయసుకు తగిన బుద్ధి లేదని ఎత్తిపొడిచినట్లు.

దేశాల విషయంలోనూ ఇంతే. మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ కాలపు పుస్తకాలలో కొత్తగా స్వతంత్రమైన దేశాలను అండర్‌డెవలప్డ్, అంటే వెనుకబడినవి అని రాయడం మామూలు. క్రమంగా డెవలపింగ్, అంటే వర్ధమాన దేశాలు అన్న మాట ఎక్కువైంది. మొదటి మాట లేనిదాన్ని ఎత్తిచూపుతుంది. రెండవది నడుస్తున్న దారిని చూపుతుంది.

మీ తమ్ముడు తెలుగు తడుముకుంటూ చదువుతున్నాడనుకోండి. వాడి తెలుగును మీరు హాఫ్-బేక్డ్ అంటే వాడు పుస్తకం మూసేస్తాడు. డెవలపింగ్ అంటే రేపు మరొక పేజీ తిప్పుతాడు. వాడికి కాలమూ కావాలి, చెయ్యీ కావాలి. కాలం దానంతట అదే వస్తుంది. చెయ్యి మాత్రం మీరే అందించాలి.

అభ్యాసం

1. వీటిలో కాలం కావలసినవి ఏవి? చెయ్యి కావలసినవి ఏవి? — చెరకు మొలక, సగం అల్లిన బుట్ట, గూటిలోని పక్షిపిల్ల, పైకప్పు లేని ఇల్లు.
2. అన్‌ఫినిష్డ్, ఇన్‌కంప్లీట్ అన్న మాటలకు మీ ఇంటిలోని వస్తువులనుండి ఒక్కొక్క ఉదాహరణ చెప్పండి.
3. వరిపైరు నారు నుండి కోత వరకు ఏయే దశలలో పెరుగుతుందో, ఆ దశల తెలుగు పేర్లను ఇంటిలోని పెద్దలను అడిగి రాయండి.