స్పర్శ లేని బాల్యం.. ఎదుగుదల లేని పురుగు

1989 డిసెంబరులో రుమేనియాలో చౌషెస్కు పాలన కూలిపోయిన తరువాత అక్కడి అనాథ శరణాలయాల దుస్థితి లోకానికి తెలిసింది. వరుసగా వేసిన ఊయల మంచాలలో పసివారు. తిండి అంతంతమాత్రం, ఎత్తుకుని ఆడించే చేతులు మరీ తక్కువ. చాలామందికి వయసుకు తగిన ఎత్తు, బరువు, మాట లేవు. వారిని కుంగదీసినది ఆకలా, రోగమా, ఆదరణ కరవా? మనుషులలో వీటిని విడదీసి చూడటం దుర్లభం. పసిబిడ్డను కావాలని ఒంటరిని చేసి పరీక్షించే హక్కు ఎవరికీ లేదు కదా!

ఈ చిక్కుముడిలో ఒక పోగును విడదీసినది మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగు. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. మన కడుపులో చేరే నులిపురుగులకు దూరపు చుట్టమే అయినా ఎవరికీ హాని చేయదు. కుళ్లిన పండ్లు, ఆకులపై పెరిగే బాక్టీరియాను తిని జీవిస్తుంది. గుడ్డు నుంచి వెలువడిన మూడు నాలుగు రోజులలోనే పెద్దదవుతుంది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ 1960లలో దీనిని పరిశోధనకు ఎంచుకున్నారు. దీని శరీరంలోని నాడీకణాలు 302 మాత్రమే. మనిషి మెదడులో ఇవి సుమారు 8,600 కోట్లు. పురుగులో ఏ కణం దేనితో కలుస్తుందో తెలిపే పటం 1986లోనే వెలువడింది.

ఒకే తిండి, వేరువేరు పెంపకం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కేథరిన్ ర్యాంకిన్ బృందం ఈ పురుగులను రెండు విధాలుగా పెంచింది. కొన్ని పళ్లేలలో ఒక్కొక్కటే పురుగు. మరికొన్నింటిలో పదుల సంఖ్యలో కలిసి పెరిగినవి. ఆహారం రెండింటికీ ఒకటే. నిజానికి ఒంటరి పురుగుకు తిండిలో పోటీయే లేదు. తేడా అంతా రాపిడిలోనే. గుంపులోని పురుగులు నిత్యం ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి, ఒంటరిదానికి ఆ తాకిడి లేదు.

పళ్లేన్ని తట్టితే ఈ పురుగు ఉలిక్కిపడి వెనక్కి పాకుతుంది. ఒంటరిగా పెరిగినవి తక్కువ దూరమే వెనక్కి పాకాయి. పైగా, తిండి లోటు లేకున్నా వాటి శరీరాలు చిన్నవిగా ఉండిపోయాయి. 2005లో ప్రచురితమైన ఈ ఫలితాలలో విశేషం ఇంకొకటి ఉంది. పురుగు శరీరం పారదర్శకం కనుక, జెల్లీచేపకు చెందిన మెరిసే ప్రోటీనును జతచేసి దాని నాడీ సంధులను నేరుగా చూడవచ్చు. నాడీ సంధి అంటే ఒక కణం మరొక కణానికి కబురు అందించే చోటు. స్పర్శను గ్రహించే కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని చిన్న చిన్న సంచులలో ఉంచుకుని, అవసరమైనప్పుడు వెలుపలికి వదులుతుంది. అవతలి కణంపై ఉన్న గ్రాహకాలు దానిని అందుకుంటాయి. ఒంటరి పురుగులలో ఇవతల సంచులూ తగ్గాయి, అవతల గ్రాహకాలూ తగ్గాయి. పంపే గొంతుక బలహీనపడింది, వినే చెవీ మందగించింది.

తట్టితే కోలుకున్నాయి.. కానీ

ఈ నష్టం శాశ్వతమా? ఒంటరి పురుగులున్న పళ్లేలను పరిశోధకులు కొద్దిసేపు కుదిపి చూశారు. 2007లో ఇదే ప్రయోగశాల వెలువరించిన ఫలితాల ప్రకారం, పెద్దది కాకముందు ఏ దశలో కుదిపినా పురుగు స్పందన, గ్రాహకాలు తిరిగి మెరుగుపడ్డాయి. శరీరం పొడవు మాత్రం అలా కాదు. గుడ్డు నుంచి వెలువడిన తొలినాళ్లలో తాకిడి అందితేనే అది సరైంది, ఆ గడువు దాటితే ఫలితం లేదు. ఒకే లోటు వల్ల కలిగిన రెండు నష్టాలకు రెండు వేర్వేరు గడువులున్నాయన్నమాట.

302 కణాల పురుగుకూ మానవ శిశువుకూ పోలిక తిన్నగా కుదరదు. పురుగుకు తల్లి లాలన తెలియదు, దానికి అందేది తాకిడి మాత్రమే. అయితే గడువు అన్న మాట మనుషులలోనూ వినిపించింది. 2000లో బుఖారెస్టులో మొదలైన అధ్యయనంలో కొందరు శరణాలయ శిశువులను పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. వారిలో సుమారు రెండేళ్లు నిండకముందే ఇల్లు చేరినవారు తెలివితేటలలో, పెంచినవారితో అనుబంధంలో ఇతరులకన్నా మెరుగ్గా కోలుకున్నారు.