గాలివానకు రాలిన పచ్చి బొప్పాయి: క్యాండీగా నిల్వ

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. జంపని, వేమూరు, కొల్లూరు వంటి డెల్టా గ్రామాలకు గాలివానల ముప్పు కొత్తది కాదు. బోలు కాండం గల బొప్పాయి చెట్టు ఈదురుగాలికి సులభంగా విరుగుతుంది. రాలిన లేతకాయ సరిగా మాగదు, ధర పలకదు. అయితే క్యాండీకి కావలసినది గట్టి పచ్చికాయే.

వరదనీటిలో నానినవి, పగిలినవి ఏరివేయాలి. తొక్క, గింజలు తీసి చిన్న ముక్కలుగా కోసి, తేట సున్నపునీటిలో ఉంచితే కాల్షియం పెక్టిన్‌తో కలిసి ముక్క బిగుస్తుంది. బాగా కడిగి, కొద్ది నిమిషాలు ఉడికించి, 40 డిగ్రీల బ్రిక్స్ పాకంలో ఒకరోజు నానబెట్టాలి. ప్రతిరోజూ పాకాన్ని 10 డిగ్రీల చొప్పున చిక్కబరుస్తూ 70 దాటించాలి. తొలిరోజే చిక్కటి పాకంలో వేస్తే చక్కెర లోనికి చేరకముందే నీరు బయటకు వచ్చి ముక్క ముడుచుకుపోతుంది.

పాకంలో సిట్రిక్ ఆమ్లం కలిపి మరిగించినపుడు కొంత సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి, చక్కెర పలుకులు కట్టదు. ప్రమాణాల ప్రకారం క్యాండీలో మొత్తం చక్కెర 70 శాతానికి, అందులో క్షయకరణ చక్కెరలు 25 శాతానికి తగ్గరాదు.

చక్కెర నీటిని పట్టి ఉంచుటచే బాక్టీరియా పెరగలేదు. కాని తీరప్రాంతపు తేమను పీల్చుకొన్న క్యాండీలో చక్కెరను తట్టుకొనే ఈస్టులు పులియబెట్టగలవు. కనుక 55–60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి, తేమ చొరబడని సంచులలో నింపాలి.

రాలిన కాయ ఎక్కువ రోజులు ఆగదు. కావున మహిళా సంఘాలకు శిక్షణ, చక్కెర, బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటరు తుఫాను కాలానికి ముందే సమకూర్చుట విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.