సముద్రం మీద హక్కుకూ హద్దుంది

తీరం నుంచి దూరం పోయేకొద్దీ సముద్రం మీద దేశం పట్టు సడలుతుంది. మొదటి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ప్రాదేశిక జలాలు. విదేశీ నౌకలు హాని తలపెట్టకుండా దాటిపోవచ్చు. మిగతా అధికారమంతా దాదాపుగా తీరదేశానిదే. 200 మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో మాత్రం చేపా, చమురూ, గ్యాసూ ఆ దేశానివే గానీ నౌకల దారి అందరిదీ. 1982లో ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం పెట్టిన లెక్క ఇది. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి.

ఇదే ఒప్పందంలోని 73వ అధికరణం గురించి మన దగ్గర చర్చ తక్కువ. ఆర్థిక మండలిలో దొంగచాటుగా వేటాడిన విదేశీ బోటును ఆపవచ్చు, సోదా చెయ్యవచ్చు, పట్టుకోవచ్చు. తగిన పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదిలెయ్యాలి. దేశాల మధ్య వేరే ఒడంబడిక లేకపోతే జైలుశిక్ష వెయ్యకూడదు. విదేశీ నౌకల చేపలవేటపై మన 1981 చట్టమూ ఈ తేడా పాటించింది: ప్రాదేశిక జలాల్లో నేరానికి మూడేళ్ల వరకు జైలు, ఆర్థిక మండలిలో అయితే జరిమానా మాత్రమే. కానీ గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన మత్స్యకారుల్లో 20 మంది ఇల్లు చేరింది 2020 జనవరిలో. బోటు యజమానిది, జైలు కలాసీది.

జీపీఎస్ ఉండగా గీత ఎందుకు దాటారని అడుగుతారు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్యనున్న సర్ క్రీక్ పాయ దగ్గర రెండు దేశాలూ ఒప్పుకున్న సముద్ర సరిహద్దే లేదు. లేని గీతను ఏ పరికరం చూపిస్తుంది? ఇంజిన్ ఆగితే బోటు నీటివాలుకు కొట్టుకుపోతుంది. 2008లో ముంబైపై దాడి చేసినవాళ్లు వాడుకున్నదీ చేపల బోటే కదా అన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. నిజమే, కనుకనే సోదా అధికారం ఉండాలి, విచారణ గట్టిగా జరగాలి. అయితే మనిషి మత్స్యకారుడేనని తేలాక కూడా నెలల తరబడి బంధించడం భద్రత అనిపించుకోదు. దీనికి 73వ అధికరణం ఒక్కటే చాలదు: 12 మైళ్ల లోపల అది వర్తించదు. పట్టుబడింది ఎక్కడన్న వివాదమూ తెగదు. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటున్నాయి. మన జైళ్లలోనూ వాళ్ల మత్స్యకారులున్నారు. ఎక్కడ పట్టుబడినా, గుర్తింపు తేలిన మత్స్యకారుణ్ణి గడువులోగా పంపేలా ఇరువైపులా ఒప్పందం రాసుకోవాలి. సరిహద్దు తేలేదాకా దీన్ని ఆపనక్కర్లేదు.